ఆర్మీ నుంచి బయటికొచ్చాక మెడికల్ స్కూల్: జీఐ బిల్ చాలా, మళ్లీ సంతకం పెట్టాలా?

ఎడిసన్_మెడిక్:
అయిదేళ్లు అమెరికన్ ఆర్మీలో మెడిక్‌గా చేసి బయటికొచ్చాను. డిగ్రీ అంతకుముందే అయిపోయింది కాబట్టి పోస్ట్ 9/11 జీఐ బిల్ (మాజీ సైనికుల చదువుకి ప్రభుత్వం ఫీజు కట్టే పథకం) 36 నెలలూ అలాగే ఉన్నాయి. 2026 ఆగస్టుకి ఒక ప్రైవేటు మెడికల్ స్కూల్లో సీటొచ్చింది. ట్యూషన్ ఏడాదికి 70 వేల డాలర్లు. జీఐ బిల్ ప్రైవేటు కాలేజీకి ఇచ్చేది ఏడాదికి దాదాపు 30 వేలు. ఆ పైన మిగిలే ఫీజుని కాలేజీ, ప్రభుత్వం పంచుకునే ఎల్లో రిబ్బన్ కింద ఈ కాలేజీ ఏమీ ఇవ్వదట. ఆర్మీ రిక్రూటరేమో డాక్టరు చదువుకి సైన్యం ఇచ్చే హెచ్‌పీఎస్‌పీ స్కాలర్‌షిప్ తీసుకోమంటున్నాడు. ట్యూషన్ మొత్తం, నెలనెలా స్టైపెండ్, చేరగానే 20 వేలు బోనస్. బదులుగా డాక్టరయ్యాక నాలుగేళ్లు సర్వీసు. నాన్న "అప్పు లేకుండా డాక్టరవుతుంటే ఇంకా ఆలోచనేంట్రా" అంటున్నారు. అమ్మ ఆర్మీ పేరెత్తితేనే లేచి వెళ్లిపోతోంది. మీరేమంటారు?

కాకినాడ_కెప్టెన్:
తీసుకో తమ్ముడూ. నేను హెచ్‌పీఎస్‌పీలోనే చదివి ఇప్పుడు ఆ నాలుగేళ్లు తీర్చుకుంటున్నా. నా బ్యాచ్‌మేట్లు రెండు లక్షల డాలర్లు దాటిన అప్పుతో రెసిడెన్సీలో (మెడికల్ స్కూల్ తర్వాత స్పెషాలిటీ శిక్షణలో) చేరారు, నాకు పైసా అప్పు లేదు. పైగా నీకు నాకంటే లాభం ఎక్కువ. అయిదేళ్ల పాత సర్వీసు జీతానికీ పెన్షన్‌కీ కలుస్తుంది. ఆర్మీ ఆసుపత్రిలో మూడేళ్ల రెసిడెన్సీ, ఆపైన నాలుగేళ్లు వేసుకో, పన్నెండేళ్లయ్యాయి. ఇంకో ఎనిమిదేళ్లు ఉంటే జీవితాంతం పెన్షన్.

లెక్కల_మాస్టారు:
కెప్టెన్ గారూ, మీ లెక్క మీకు సరిపోతుంది. అతనికి కాదు. మీ దగ్గర జీఐ బిల్ లేదు కాబట్టి మీరు అమ్ముకున్న నాలుగేళ్లకి పూర్తి ట్యూషన్ ధర వచ్చింది. ఇతను జీఐ బిల్‌ని అయిదేళ్లు కష్టపడి ముందే సంపాదించుకున్నాడు. నాలుగేళ్ల ట్యూషన్ 2,80,000లో సుమారు 1,20,000 అదే కట్టేస్తుంది. హెచ్‌పీఎస్‌పీ స్టైపెండ్‌కి బదులు కాలేజీ ఉన్న ఊరిని బట్టి జీఐ బిల్ ఇంటి భత్యం వస్తుంది. అంటే హెచ్‌పీఎస్‌పీ అతనికి నిజంగా ఇచ్చేది 1,60,000, ఆపైన ఆ బోనస్ 20 వేలు. ఏడాది సర్వీసు 45 వేలకి అమ్మినట్టు! బయట స్పెషలిస్టు జీతానికీ ఆర్మీ స్పెషలిస్టు జీతానికీ తేడా ఎంతో మీకే బాగా తెలుసు.

కాకినాడ_కెప్టెన్:
ఆర్థోపెడిక్స్, రేడియాలజీ అయితే మీరన్నది ఒప్పుకుంటా. ఫ్యామిలీ మెడిసిన్, పిల్లల డాక్టరు అయితే ఆ తేడా బాగా తగ్గిపోతుంది, భత్యాలకు పన్ను కూడా లేదు. ఇంకోటి, పిల్లలకి జీఐ బిల్ బదిలీ చేయాలంటే సర్వీసులో ఉండగానే చేయాలి. బయట ఉన్నవాడికి ఆ దారి లేదు. మళ్లీ చేరి, మరో నాలుగేళ్లకి ఒప్పుకుంటే రేపు వాళ్ల చదువుకి పనికొస్తుంది. మాస్టారి లెక్కలో ఆ పద్దు లేదు.

ఫ్రిస్కో_పద్మ:
పిల్లలా? ఆ అబ్బాయికి ఇంకా పెళ్లే కాలేదేమో! నేను చూసింది చెప్తాను. మా ఆడపడుచు భర్త హెచ్‌పీఎస్‌పీలోనే చదివారు. రెసిడెన్సీ సీట్లు కేటాయించే మిలిటరీ మ్యాచ్ ఫలితాలు డిసెంబర్లోనే వచ్చేస్తాయి. ఆ ఏడు ఆర్మీకి ఎన్ని సీట్లు అవసరమో అన్నే ఉంటాయి. ఆయన అనస్థీషియా కోరుకున్నారు, రాలేదు. రెసిడెన్సీ మధ్యలో ఆపి రెండేళ్లు యూనిట్ డాక్టరుగా పనిచేసి మళ్లీ అప్లై చేసుకున్నారు. అప్పు లేదన్నది నిజమే. మా ఆడపడుచు మాత్రం మూడు రాష్ట్రాల్లో మూడుసార్లు ఉద్యోగం వెతుక్కుంది. రిక్రూటర్ ఇది చెప్పడు.

హ్యూస్టన్_శ్రీను:
ఏందన్నా, అసలు ప్రైవేటు కాలేజీకే ఎందుకు పోతున్నవ్? టెక్సాస్ నుంచి ఆర్మీల చేరినోళ్లకు హాజల్‌వుడ్ చట్టం ఉంటది, ప్రభుత్వ కాలేజీల్ల 150 క్రెడిట్ గంటల దాకా ట్యూషన్ మాఫీ. జీఐ బిల్ కూడా సొంత రాష్ట్రం ప్రభుత్వ కాలేజీల ట్యూషన్ మొత్తం కడ్తది. నువ్వు న్యూజెర్సీల ఉన్నవ్, మీ రాష్ట్రం ప్రభుత్వ యూనివర్సిటీ రట్గర్స్‌కు పెట్టలేదా?

ఎడిసన్_మెడిక్:
పెట్టాను అన్నా. వెయిట్‌లిస్ట్.

తిరుమలగిరి_స్వప్న:
సికింద్రాబాద్ నుంచి రాస్తున్నాను. మా నాన్న సుబేదార్‌గా రిటైరయ్యారు. ఇక్కడ సైనికుల పిల్లలకి క్యాప్ అనే సీట్ల కోటా ఉంది, పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో చేరేవాళ్లకి చదివాక సైన్యంలో పనిచేయాలన్న బాండ్ ఉంది. జవాను సర్వీసు చేసి వచ్చి తనే ఎంబీబీఎస్ చదువుతానంటే ఫీజు కట్టే జీఐ బిల్ లాంటిది మాకు లేదు. 2022లో నీట్ వయోపరిమితి ఎత్తేశాక పరీక్ష మాత్రం రాయొచ్చు. ఏఎఫ్‌ఎంసీలో చేరే పిల్లలు ఇంటర్ అవుతూనే బాండ్ మీద సంతకం పెడతారు, యూనిఫామ్ అంటే ఏమిటో వాళ్లకి అప్పటికి తెలియదు. మీకు తెలుసు కదా. మరి ఆ అయిదేళ్లు ఎలా గడిచాయో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఎడిసన్_మెడిక్:
పని నచ్చింది. పనికిరాని పనులు నచ్చలేదు. నడుము, మోకాలు పోయాయి. వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) 40 శాతం వైకల్యం రేటింగ్ ఇచ్చింది.

లెక్కల_మాస్టారు:
అదా సంగతి! ఇది మొదటే చెప్పాలి నాయనా. ఒకటి, హెచ్‌పీఎస్‌పీకి కొత్తగా మెడికల్ పరీక్ష పాసవ్వాలి. ఆ రేటింగ్‌తో వేవర్ (మినహాయింపు) అడగాలి, వస్తుందన్న హామీ లేదు. రెండు, యాక్టివ్ డ్యూటీ జీతం తీసుకునే రోజుల్లో వైకల్య భత్యం ఆగిపోతుంది. మూడు, 20 శాతం పైన ఉంది కాబట్టి చాప్టర్ 31 అనే వృత్తి పునరావాస పథకానికి అప్లై చేసుకోవచ్చు. దాంట్లో ప్రైవేటు కాలేజీకి 30 వేల పరిమితి లేదు.

కాకినాడ_కెప్టెన్:
చాప్టర్ 31 కౌన్సెలర్ చేతిలో ఉంటుంది మాస్టారూ. "డిగ్రీ ఉంది కదా, ఉద్యోగం చేసుకో" అని తిప్పి పంపేస్తారు. మెడికల్ స్కూల్‌కి ఒప్పించడం మామూలు విషయం కాదు.

లెక్కల_మాస్టారు:
కాదంటే అప్పీలుంది. అదీ కుదరకపోతే మిగిలే లోటు ఏడాదికి 40 వేలు. జూలై 1, 2026 నుంచి కొత్తవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్లు ఎత్తేశారు. మెడిసిన్‌కి ఫెడరల్ లోన్ ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షలు దాటదు. 40 వేలు అందులో పడుతుంది. కాకపోతే ఒక జాగ్రత్త. 36 నెలలంటే నాలుగు విద్యా సంవత్సరాలని బ్రోచర్లో రాస్తారు. రొటేషన్లు (ఆసుపత్రి విభాగాల్లో శిక్షణ) మొదలయ్యాక వేసవి సెలవుల్లేవు, ఏడాదికి పన్నెండు నెలలూ ఖర్చవుతాయి. ఆఖరి ఏడు మధ్యలోనే జీఐ బిల్ అయిపోవచ్చు, ఇంటి భత్యం కూడా అక్కడితో ఆగుతుంది.

ఫ్రిస్కో_పద్మ:
రెసిడెన్సీ నాన్‌ప్రాఫిట్ ఆసుపత్రిలో చేస్తే ఆ ఏళ్లు కూడా పబ్లిక్ సర్వీస్ లోన్ మాఫీకి లెక్కకొస్తాయి. 120 కిస్తీలు కడితే మిగతాది పోతుంది.

కాకినాడ_కెప్టెన్:
ప్రభుత్వం ఆ రూల్ పదేళ్లు అలాగే ఉంచుతుందని మీకు నమ్మకమా? గ్రాడ్ ప్లస్ ఎలా పోయిందో ఇప్పుడేగా చెప్పారు మాస్టారు. నా ఒప్పందం మాత్రం కాగితం మీద ఉంది, మారదు. తమ్ముడూ, నీకు ఏ స్పెషాలిటీ కావాలో ముందు చెప్పు.

ఎడిసన్_మెడిక్:
ఎమర్జెన్సీ మెడిసిన్. కానీ మూడో ఏడులో మనసు మారదని చెప్పలేను అన్నా. చాప్టర్ 31 అప్లికేషన్ ఈ రాత్రే వేస్తాను. రిక్రూటర్ శుక్రవారంలోపు చెప్పమన్నాడు.

హ్యూస్టన్_శ్రీను:
గా శుక్రవారం ఆయన టార్గెట్‌ది తమ్మీ, నీది కాదు. ఫోన్ ఎత్తకు.