చైను రంపంతో నేల మట్టానికి మొదళ్లు కోయాలంటే ఏ చైను, ఎంత బారు?

తాడిపత్రి_తోట:
ఎండిన చీనీ తోటను తీసేస్తున్నాను. గట్టు మీదున్న చింత మొదలు అడ్డంగా 30 అంగుళాలు ఉంది. నా రంపం మిషను 50 సీసీది, బారు (చైను తిరిగే పొడవాటి పట్టీ) 18 అంగుళాలది. అంగడాయన 24 అంగుళాల బారు, ఫుల్ చిజెల్ చైను తీసుకోమంటున్నాడు. తీసుకోవచ్చా?

రంపం_కడప:
తప్పకుండా తీసుకోండి. ఫుల్ చిజెల్ పన్నుకు మూల కోసుగా ఉంటుంది కనుక చింత వంటి గట్టి కట్టెలోనూ త్వరగా దిగుతుంది.

పులివెందుల_రైతు:
అన్నా, ఆ మాట పైకొమ్మలకు చెల్లుతుంది. మొదలు దగ్గర బెరడు సందుల్లో ఇసుక ఇరుక్కొని ఉంటుంది, దానికి తగలగానే ముందుగా పోయేది ఆ కోసు మూలే. సెమీ చిజెల్‌కు మూల గుండ్రంగా ఉంటుంది కాబట్టి కాస్త నిదానంగా కోసినా పదును నిలుస్తుంది. 24 అంగుళాల బారును 50 సీసీ మిషను ఈడ్చలేదు. 18తోనే రెండు వైపుల నుంచి కోయవచ్చు. బారు ముక్కు పైభాగం మాత్రం కట్టెకు తగలనీయకండి, మిషను ఎగదన్ని మీదికి వస్తుంది.

ఆదోని_కలప:
పళ్లకు కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం అతికించిన చైను మట్టికి తట్టుకుంటుంది. అయితే మామూలు ఆకురాయికి లొంగదు, వజ్రపు చక్రం కావాలి.

రంపం_కడప:
రెండు వైపుల నుంచి కోస్తే నడుమ మెట్టు పడుతుంది. 24 అంగుళాలే సరైనది.

పులివెందుల_రైతు:
నేను మట్టి గురించి చెబుతుంటే మీరు మెట్టు దగ్గరే ఆగిపోయారు. పోయిన వేసవిలో మా తోటకు గంటల లెక్కన వచ్చినతను ఇదే ఫుల్ చిజెల్ తెచ్చాడు. కాసేపటికే పొట్టు పోయి రాగిపిండిలాంటి పొడి రాలసాగింది. అతను ఆ మొదలు మీదే కూర్చొని ఒక్కొక్క పన్నునూ ఆకురాయితో రుద్దుతుంటే, ఆ సమయానికి కూడా బాడుగ నేనే కట్టాను. గంటల లెక్కన కోసే మీకు మొండి చైనే లాభం!

రంపం_కడప:
అసలు బాధ అదన్నమాట. మరి మీ మొదళ్ల చుట్టూ ఉన్న కంకర, మేకులు మా చైనును తింటే కొత్తది ఎవరు కొనిస్తారు? చుట్టూ జానెడు లోతు మట్టి తీసి, బెరడు చెక్కి ఉంచండి, మొదలుకు ఇంత అని మాట్లాడుకొని కోస్తాం.

పులివెందుల_రైతు:
మట్టి తీసే కూలీ కూడా మా మీదేనా?

ఆదోని_కలప:
బాడుగ పంచాయితీ మీరు తేల్చుకోండి. తాడిపత్రి వారూ, ఏ రకం కొన్నా పిచ్ (లింకుల మధ్య దూరం, అంగుళాల్లో), గేజ్ (బారు గాడిలో దిగే లింకు మందం), డ్రైవ్ లింకుల (ఆ గాడిలో తిరిగే లింకుల) సంఖ్య మీ పాత బారు మీది అంకెలతో సరిచూసుకోండి. పిచ్ .325 అయితే 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి పనికివస్తుంది.

తాడిపత్రి_తోట:
బారు మీద .325 అనే ఉంది. 18 అంగుళాల బారునే ఉంచుకొని సెమీ చిజెల్ చైన్లు రెండు తెస్తున్నాను, ఒకటి మొండిబారితే రెండోది ఎక్కించవచ్చు.

రంపం_కడప:
మెట్టు పడుతుంది, చూడండి.