గ్రాఫిక్స్ డ్రైవర్ వేస్తే ప్రాసెసర్ సెట్టింగులు మారతాయా?

ప్రశ్న: నాది రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, రేడియాన్ ఆర్‌ఎక్స్ 6700 ఎక్స్‌టీ కార్డు. వేగం కన్నా నాకు చల్లదనం ముఖ్యం, అందుకే బయోస్‌లో (కంప్యూటర్ మూల సెట్టింగుల్లో) పీబీవో, అంటే ప్రాసెసర్‌ను మామూలు విద్యుత్ పరిమితి దాటి నడిపించే సదుపాయం, ఆపేసి ఉంచాను. విండోస్ కొత్తగా వేసుకున్నాను. కార్డు కోసం దాచుకున్న పాత ట్యూనింగ్ ప్రొఫైల్‌ను (సెట్టింగుల ఫైలును) ఇప్పుడు అడ్రినలిన్‌లో, అంటే ఏఎండీ సంస్థ కార్డు సాఫ్ట్‌వేర్‌లో, ఎక్కించాలి. అలా చేస్తే ప్రాసెసర్ కూడా ఓవర్‌క్లాక్ అవుతుందని (నిర్ణీత వేగాన్ని మించి నడుస్తుందని) ఒక మిత్రుడు అంటున్నారు. కార్డు సాఫ్ట్‌వేర్‌కు ప్రాసెసర్‌తో ఏం పని?

జవాబు: మీ మిత్రుడిది ఉత్త భయం కాదండీ. ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఒకప్పుడు రైజెన్ మాస్టర్ అనే విడి ప్రోగ్రాం పని. 2021 సెప్టెంబరులో ఆ సదుపాయాన్ని అడ్రినలిన్‌లోనూ చేర్చారు. 2022లో, గ్రాఫిక్స్ ప్రొఫైల్ ఎక్కిస్తే అడగకుండానే ప్రాసెసర్ సెట్టింగులు మారుతున్నాయని ఏఎండీయే ఒప్పుకుంది. ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదని చెప్పే సంస్థ సాఫ్ట్‌వేరే ఆ పని చేసిపెట్టడం విడ్డూరం! మీ చేతిలో ఏ వెర్షన్ ఉన్నా పాత ప్రొఫైల్ జోలికి పోకండి. అందులోని అంకెలు చూసి కొత్తగా నింపుకోండి, అయిదు నిమిషాల పని.

ప్రశ్న: సరేనండీ. ఒకవేళ మారితే నాకు తెలిసేదెలా?

జవాబు: ముందుగా బయోస్‌లోని పీబీవో పేజీని ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో (వేగం, విద్యుత్ కొలతలు చూపే ప్రోగ్రాం) తెరిచి, పక్కన సినీబెంచ్‌లో (ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే ప్రోగ్రాంలో) అన్ని కోర్ల పరీక్ష నడపండి. మీ ప్రాసెసర్‌ది 65 వాట్ల తరగతి, దాని పీపీటీ (తీసుకోగల గరిష్ఠ విద్యుత్తు) పరిమితి 76 వాట్లు. ప్యాకేజీ పవర్ అక్కడికి వచ్చి ఆగితే అంతా సవ్యంగా ఉన్నట్లే. 76 దాటి పైకి పోతూ ఉంటే పీబీవో తెరుచుకుందన్నమాట. పని ఉన్నా లేకపోయినా కోర్లన్నీ ఒకే వేగం దగ్గర బిగుసుకుపోయి కనిపిస్తే మాన్యువల్ ఓవర్‌క్లాక్‌ను అనుమానించాలి. ఉష్ణోగ్రతను మాత్రం నమ్ముకోవద్దు, గది వేడెక్కినా అది పెరుగుతుంది.

మరొకరు: కార్డు ట్యూనింగ్ అడ్రినలిన్‌లోనే చేయాలన్న పట్టుదల లేకపోతే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘డ్రైవర్ ఓన్లీ’ ఎంచుకోండి. ట్యూనింగ్ పేజీలే ఉండవు. కార్డు వోల్టేజీ తగ్గించుకోవడానికి ఆఫ్టర్‌బర్నర్ అనే విడి ప్రోగ్రాం ఉంది.

ప్రశ్న: ఇదే నచ్చింది. తేడా వస్తే సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే మెమరీ) క్లియర్ చేసేయవచ్చా?

జవాబు: చేయవచ్చు కానీ, ముందు పీబీవో ఒక్కదాన్నే మళ్లీ ఆపి చూడండి. సీమాస్ క్లియర్ చేస్తే ర్యామ్ ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం సెట్టింగు), ఫ్యాన్ల వేగాలు, బూట్ వరుస అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. వాటి ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి.