ఇంట్లో ఒక్క ఫిమేల్ కుక్క ఉన్నా బ్రీడర్ రిజిస్ట్రేషన్ కావాలా?

ల్యాబ్_కాకినాడ

అందరికీ నమస్కారం. మా లాబ్రడార్‌కి రెండేళ్లు నిండాయి. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లున్నాయి, చర్మం కింద గుర్తింపు చిప్ ఉంది, డాగ్ షోలకి తీసుకెళ్తున్నాం. వచ్చే హీట్‌లో (ఎదకొచ్చినప్పుడు) మేటింగ్ చేయిద్దామని విశాఖలో ఒక స్టడ్ (మేటింగ్‌కి ఇచ్చే మగకుక్క) ఓనర్‌తో మాట్లాడితే, ముందు ఆయన అడిగింది “స్టేట్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందా?” అనే. కేసీఐ పేపర్ ఉంటే చాలనే మాట మన షోల్లో తరచూ వినిపిస్తుంది. అది వేరు, ఇది వేరు. కేసీఐ చెన్నై కేంద్రంగా నడిచే క్లబ్. కుక్క వంశావళి నమోదు చేస్తుంది తప్ప ప్రభుత్వ లైసెన్సు ఇవ్వదు.

ఆయన చెప్పింది 2017 మే 23న కేంద్రం తెచ్చిన డాగ్ బ్రీడింగ్, మార్కెటింగ్ నిబంధనల గురించి. పశువుల సంతల రూల్స్ మీద దేశమంతా గొడవైంది గుర్తుందా, అదే రోజు ఇవీ వచ్చాయి. ఆ గోలలో వీటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. కూర్చుని మొత్తం చదివాను. అమ్మకం కోసం బ్రీడింగ్ చేసే ఎవరైనా రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఫీజు 5,000 రూపాయలు, తిరిగి ఇవ్వరు, రెండేళ్లకోసారి రెన్యువల్. ఫిమేల్‌కి 18 నెలలు నిండకుండా మేటింగ్ కూడదు. ఏడాదికి ఒక్క లిట్టరే (ఒక ఈత పిల్లలు), జీవితం మొత్తంలో ఐదుకి మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పప్పీని అమ్మకూడదు. తనిఖీకి వస్తారు, రికార్డులు చూపాలి, ఏటా రిపోర్టు పంపాలి.

కుక్క ఆరోగ్యానికి సంబంధించిన రూల్స్‌తో నాకు పేచీ లేదు. కానీ ఎన్ని కుక్కలుంటే బ్రీడర్ అవుతాడన్న అంకె అందులో ఎక్కడా లేదు. హాల్లో సోఫా పక్కన పడుకునే మా పిల్లనీ, ముప్పై బోనులు పెట్టి నడిపే కెన్నెల్‌నీ ఒకే గాటన కట్టడం ఏం న్యాయం? మీరేమంటారు?

రాట్_వరంగల్

నూటికి నూరుపాళ్లు నీ మాటే అన్నా. నేనైతే ఇంకో అడుగు ముందుకేసి, అసలు రిజిస్టర్ చేయించుకోవద్దంటాను.

2024 మార్చి 12 ఎవరూ మర్చిపోకండి. కేంద్ర పశుసంవర్ధక శాఖ నుంచి రాష్ట్రాలకి ఒక ఉత్తరం వెళ్లింది. 23 బ్రీడ్‌ల జాబితా. పిట్‌బుల్, రాట్‌వీలర్, కేన్ కోర్సో, డోగో అర్జెంటీనో, అకిటా... చివరికి ‘టెర్రియర్స్’ అని ఒక్క మాట రాసి వదిలేశారు. ఏ టెర్రియర్? ఒడిలో కూర్చునే యార్క్‌షైర్ కూడా పేరుకి టెర్రియరే కదా! వీటి అమ్మకానికీ బ్రీడింగ్‌కీ లైసెన్సులు ఇవ్వొద్దన్నారు, ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలన్నారు. కుక్కల్ని పెంచేవాళ్లని ఒక్క మాట అడగలేదు. ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు, 16న ఢిల్లీ హైకోర్టు కొట్టేశాయి కాబట్టి బతికిపోయాం. మా రాట్‌వీలర్ పుట్టినప్పటినుంచీ మా అమ్మ చేతి అన్నం తిని పెరిగింది. ఆ నెల రోజులూ వీధిలో వాకింగ్‌కి తీసుకెళ్లాలంటేనే టెన్షన్. పక్కింటివాళ్లు “ఇది బ్యాన్ అయిందట కదా, ఇంకా ఉంచారేం?” అని నిలదీసేవాళ్లు.

రేపు ఇంకో జాబితా వచ్చిందనుకోండి, ముందు ఎవరి తలుపు తడతారు? బోర్డు రిజిస్టర్‌లో అడ్రసు ఉన్నవాడిదే. ఏ రికార్డూ లేకుండా అమ్ముకునేవాడు హాయిగా ఉంటాడు.

వెట్_గుంటూరు

తమ్ముడూ, నీ భయం నాకు అర్థమైంది. ఆ ఉత్తరాన్ని నేనూ సమర్థించను. కోర్టులు కొట్టేసింది కూడా అందుకే: సంబంధం ఉన్నవాళ్లని సంప్రదించలేదని, అభ్యంతరాలు వినలేదని. కానీ దాని మీద కోపంతో 2017 రూల్స్‌ని వద్దనడం సరికాదు. రెండూ వేర్వేరు విషయాలు.

నా క్లినిక్ టేబుల్ మీదికి వచ్చే పప్పీల సంగతి చెబుతాను. పప్పీని పట్టుకొచ్చినవాళ్లు “50 రోజులు సార్” అంటారు. నోరు తెరిచి చూస్తే ముందు పాలపళ్లు సగం సగం పైకి వచ్చి ఉంటాయి, వెనక దవడ పళ్లు ఉండవు. అంటే నెల దాటి ఓ నాలుగు రోజులు. తల్లి పాలతో వచ్చిన రక్షణ తగ్గిపోతూ, టీకా ఇంకా పడని వయసు. దాన్ని బుట్టలో పెట్టి బస్సు డిక్కీలో 200 కిలోమీటర్లు పంపిస్తారు. మూడో రోజుకి వాంతులు, నెత్తురు విరేచనాలు, పార్వో అనే వైరస్ జబ్బు. సెలైన్ ఎక్కించడానికి ఆ చిన్న కాలికి నరం దొరకదు. ఇంట్లో పిల్లలు ఏడుస్తూ పక్కనే నిలబడి ఉంటారు.

ఇవన్నీ ముప్పై బోనుల కెన్నెల్ నుంచే వస్తున్నాయనుకుంటున్నారా? కాదు. చాలామటుకు ఇళ్ల నుంచే. ఒకే ఫిమేల్, ప్రతి హీట్‌కీ మేటింగ్. పిల్లలు అన్నం తినడం మొదలుపెట్టగానే దాణా ఖర్చు భారమని తెగనమ్మేస్తారు. ఆన్‌లైన్‌లో ఫొటో పెడితే సాయంత్రానికి అయిపోతాయి. బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌ల సంగతి మరీ ఘోరం. పిల్లల తలలు పెద్దవి, తల్లి కటి సన్నం, సిజేరియన్ లేకుండా ఈనడమే కష్టం. కుట్లు సరిగ్గా మానకముందే మళ్లీ మేటింగ్‌కి తయారు చేయమని అడిగినవాళ్లున్నారు. ఏడాదికి ఒక లిట్టరే అన్న గీత లేకపోతే ఆ తల్లి తరఫున మాట్లాడేదెవరు?

ఇక శిక్ష సంగతి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఇలాంటి రూల్ తప్పితే జరిమానా గరిష్ఠంగా 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు. ఆ జైలుకి ఎవరూ భయపడరు, 100 రూపాయలకి అసలే భయపడరు. ఫీజు 5,000, జరిమానా 100! మీరు కోపం చూపించాల్సింది దీని మీద.

ల్యాబ్_కాకినాడ

డాక్టర్ గారూ, మీరు చెప్పిన పప్పీల బాధ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. అలా అమ్మేవాడు రిజిస్ట్రేషన్‌కి రాడు. వచ్చేది నాలాంటివాళ్లే. మీ రూల్ ఎవరిని పట్టుకుంటోంది?

మాంచెస్టర్_కావలి_ఇల్లు

ఇక్కడ ఇంగ్లండ్‌లో ఎలా ఉందో చెబితే ఉపయోగపడుతుందేమో. మా ఇంట్లో కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ ఉంది, అప్పుడప్పుడూ షోలకి వెళ్తుంటాం.

2018 రూల్స్ ప్రకారం 12 నెలల్లో మూడు లేదా అంతకన్నా ఎక్కువ లిట్టర్లు తీసి అమ్మేవాళ్లకి కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి. అంతకన్నా తక్కువైనా, వ్యాపారంగా ప్రకటనలిచ్చి అమ్మితే లైసెన్సు కావాల్సిందే. అంటే ల్యాబ్ గారు అడిగిన అంకె ఇక్కడ ఉంది, కానీ దాని చాటున వ్యాపారం నడపడానికి వీల్లేదు.

అయితే నా దృష్టిలో అంతకన్నా పెద్ద మార్పు 2020 ఏప్రిల్‌లో వచ్చిన లూసీ చట్టం. లూసీ అంటే వేల్స్‌లోని ఒక పప్పీ ఫారం నుంచి కాపాడిన కావలియర్. ఈ చట్టం వచ్చాక ఆరు నెలలలోపు పిల్లల్ని మధ్యవర్తులు అమ్మకూడదు. బ్రీడర్ దగ్గరికే వెళ్లాలి, పిల్లని తల్లితో కలిపి చూడాలి. దాంతో కొనేవాళ్లకి ఒక అలవాటు వచ్చింది: “తల్లి ఎక్కడ?” అని అడగడం. మోసాలు ఆగిపోయాయని నేననను. కానీ ఆ ఒక్క ప్రశ్న అడగడానికి కొనేవాడికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. మన హైదరాబాద్‌లో మా చెల్లెలు పప్పీ కొంటే, పార్కింగ్ ప్లేసులో కారు డిక్కీలోంచి తీసి ఇచ్చారు. తల్లి మొహం ఎవరికీ తెలియదు.

రింగ్‌సైడ్_సికింద్రాబాద్

అందరూ పప్పీల గురించే మాట్లాడుతున్నారు. షో వాళ్లని నిజంగా ఇరుకున పెట్టే రూల్ ఇంకోటి ఉంది. ఆరు నెలలు దాటిన కుక్కని ఆపరేషన్ చేయించకుండా అమ్మకూడదు, లైసెన్సున్న బ్రీడర్‌కి తప్ప.

షోకి పనికొచ్చే కుక్కని ఎనిమిది వారాలకే చెప్పగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లిట్టర్‌లో బాగున్నవి రెండు మూడు ఉంచుకుంటాం. పాలపళ్లు రాలి అసలు పళ్లు వచ్చాక పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలుస్తున్నాయా, ముందుకాళ్లు బయటికి తిరుగుతున్నాయా, నడకలో వెనక నుంచి తోపు ఉందా అని చూస్తూ ఎనిమిది, పది నెలలు పెంచుతాం. ఆఖరికి ఒకటి ఉంచుకుని మిగతావి కొత్తగా షోలకి రావాలని ఆశపడే కుర్రాళ్లకి ఇస్తాం. మనం కూడా అలాగే కదా ఈ రంగంలోకి వచ్చింది. ఈ రూల్ ప్రకారం ఆ కుర్రాడు అప్పటికే లైసెన్సున్న బ్రీడర్ అయ్యుండాలి. కాకపోతే ఆపరేషన్ చేయించి ఇవ్వాలి. ఆపరేషన్ చేసిన మగకుక్క రింగ్‌లోకి వెళ్తే జడ్జి చెయ్యి పెట్టి చూస్తాడు, రెండు వృషణాలూ సంచిలో ఉండాలి. లేకపోతే బయటికే. మరి కొత్తవాళ్లు షోలకి ఎలా వస్తారు?

ఇది రాసినవాళ్లు పెద్ద కుక్కలు విచ్చలవిడిగా బ్రీడింగ్‌కి పోకూడదనే రాసుంటారు. ఉద్దేశం మంచిదే. కానీ ఎగ్జిబిటర్ (షోలో కుక్కని చూపించేవాడు) అనే మనిషి ఒకడున్నాడని వాళ్ల లెక్కలో లేదు.

కొల్లేటి_గట్టు

రింగ్‌సైడ్ అన్నా, ఆ రూల్ మా దగ్గర ఇంకా గట్టిగా తగులుతుంది. మాది కొల్లేరు పక్కన పల్లె. జోనంగి జాతి కుక్కల్ని కాపాడే పని చేస్తున్నాం.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. జోనంగి మన ఆంధ్ర కుక్క, కృష్ణా, గోదావరి జిల్లాలది. ఒంటికి అతుక్కున్నట్టుండే పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, మెలి తిరిగిన తోక. మామూలు కుక్కలా మొరగదు, గొంతు సాగదీసి ఒకరకంగా కూస్తుంది. గట్టు మీద తనే గుంట తవ్వుకుని అందులో పడుకుంటుంది. ఒకప్పుడు బాతుల మందల్ని కాయడానికి పెంచేవాళ్లు. చేపల చెరువులు వచ్చాక బాతులు తగ్గాయి, వాటితోపాటు దీని పనీ పోయింది. యజమానుల్లేక చెరువుల దగ్గర చేపలు తిని బతకడం మొదలుపెట్టేసరికి జనం దీన్ని శత్రువులా చూశారు. ఇప్పుడు అసలైన రూపం ఉన్నవి వెతికి పట్టుకోవాల్సిందే.

మా దగ్గరున్నవాటికి కేసీఐ పేపర్ల వంశావళి లేదు. మేం చేసేదల్లా మంచి కుక్క కనపడితే ఫొటో తీసి, తల్లిదండ్రులు తెలిస్తే రాసుకుని, దగ్గర చుట్టరికం లేని ఇంకోదానితో కలపడం. పెద్ద కుక్కని ఒక రైతు నుంచి ఇంకో రైతుకి కాస్తో కూస్తో డబ్బు ఇచ్చి మార్చుకుంటాం. ఆ రైతు లైసెన్సున్న బ్రీడర్ కాడు, ఎప్పటికీ కాడు. ఆపరేషన్ చేసి ఇవ్వమంటే మిగిలిన కొద్దిపాటి వంశం కూడా అక్కడితో ఆగిపోతుంది. రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ లాంటి దేశీ కుక్క జాతులకి కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో గుర్తింపు వచ్చిందంటే, ఊళ్లలో వాటిని నిలబెట్టినవాళ్లు ఉండబట్టే కదా. లాబ్రడార్ కోసం రాసిన రూల్ జోనంగికి ఎలా సరిపోతుంది?

వెట్_గుంటూరు

కొల్లేటి తమ్ముడి మాట బలమైనది. ఆరు నెలల నిబంధనలో దేశీ జాతుల సంరక్షణకీ, షో కోసం చేతులు మారే కుక్కలకీ మినహాయింపు ఉండాలని నేనూ రాసిస్తాను. అదీ రాతపూర్వకమైన ఒప్పందం, చిప్ నంబరు బదిలీ ఉంటేనే. నోటిమాట మీద వద్దు.

కానీ ల్యాబ్ గారి మొదటి ప్రశ్నకి నా జవాబు మారలేదు. ఒక్క ఫిమేల్ ఉన్నా నమోదు కావాలి. తనిఖీ, ఏటా రిపోర్టు లాంటివి చిన్నవాళ్లకి తేలిక చేయండి, ఫీజు తగ్గించండి, ఒప్పుకుంటాను. మేటింగ్‌కి ముందు డాక్టర్ సర్టిఫికెట్, పిల్లకి చిప్, ఎనిమిది వారాలు, ఈ మూడింట్లో మాత్రం చిన్న, పెద్ద తేడా వద్దు. చిప్ అంటే 15 అంకెల నంబరు. రీడర్‌ని భుజాల మధ్య అలా తిప్పితే కనపడుతుంది. అది రిజిస్టర్‌లో ఉంటే, నా టేబుల్ మీద చావుబతుకుల్లో ఉన్న పప్పీ ఎవరింట్లో పుట్టిందో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. ఇప్పుడు తెలియడం లేదు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్.

రాట్_వరంగల్

డాక్టర్ గారూ, మీరంటే గౌరవం ఉంది. కానీ ఆ రిజిస్టర్ పప్పీ కోసమే వాడతారని ఎవరు హామీ ఇస్తారు? బ్రీడ్ పేరు చూసి నిషేధించబోమని ముందు రాసివ్వమనండి, అప్పుడు నేనే లైన్లో మొదట నిలబడతాను. అంతవరకు నా ఇంటి అడ్రసు ఇవ్వను. అందుకే నేను లిట్టర్ కూడా తీయడం లేదు, ఎవరూ వేలు చూపించే అవకాశం ఇవ్వను.

ల్యాబ్_కాకినాడ

ఇంతమంది ఓపిగ్గా రాసినందుకు కృతజ్ఞతలు. నమోదు చేయించుకుందామనే నిర్ణయించుకున్నాను. రూల్ అన్యాయమన్న మాట మీదే ఉన్నాను, కానీ బయట నుంచి అడిగితే బోర్డు వినదు. నమోదైనవాడిగా ఉత్తరం రాస్తాను. ఇంగ్లండ్‌లో లాగా లిట్టర్ల లెక్కతో రెండు అంచెలు, షో కుక్కలకి, జోనంగికి ఆరు నెలల మినహాయింపు, 100 రూపాయల జరిమానా పెంపు, తల్లిని చూపించకుండా అమ్మకం కుదరదన్న షరతు. రింగ్‌సైడ్ అన్నా, కొల్లేటి తమ్ముడూ, మీ మీ పేరాలు మీరే రాసి పంపండి. తెలంగాణ వాళ్లు అక్కడి బోర్డుకి వేరుగా పంపాలి.

డాక్టర్ గారూ, సర్టిఫికెట్ కోసం వచ్చే ముందు ఏమేం చేయించుకుని రమ్మంటారు?

వెట్_గుంటూరు

లాబ్రడార్ కాబట్టి ముందు తుంటి ఎక్స్‌రే, మోచేతులది కూడా. రెండేళ్లు నిండాయన్నారు కాబట్టి ఇప్పుడు తీస్తే నమ్మదగిన ఫలితమే వస్తుంది. మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు సమానంగా చాపి తీయించండి. కాళ్లు వంకరగా ఉన్న ఫిల్మ్ తెస్తే మళ్లీ తీయించమంటాను. బ్రూసెల్లా (మేటింగ్‌తో అంటుకునే బ్యాక్టీరియా జబ్బు) రక్తపరీక్ష మీ ఫిమేల్‌కీ, ఆ విశాఖ స్టడ్‌కీ ఇద్దరికీ కావాలి. ఆయన “మాది శుభ్రం” అని నోటితో చెబితే ఒప్పుకోకండి, రిపోర్టు చూపించమనండి. మీ దగ్గర రిజిస్ట్రేషన్ అడిగిన మనిషి కదా, చూపిస్తాడు. టీకాలు, నులిపురుగుల మందు హీట్ మొదలయ్యాక కాకుండా ఇప్పుడే పూర్తి చేయండి. తూకం కూడా చూసుకుని రండి. మన లాబ్రడార్లు ముక్కాలు మువ్వీసం లావెక్కి ఉంటాయి, లావు కుక్కకి చూలు నిలవడమూ కష్టమే, ఈనడమూ కష్టమే.