కట్టు, విప్పు, పునర్నిర్మాణం

నిన్న ఒక మిత్రుడు అడిగారు: చరిత్రలో, వైద్యంలో, జ్ఞాపకాల విషయంలో కూడా ‘రీకన్‌స్ట్రక్షన్’ అనే మాటే వస్తోంది, అన్నిటికీ ‘పునర్నిర్మాణం’ అని రాసేయొచ్చా అని. రాయొచ్చండీ. కానీ రాసేముందు మన ‘కట్టు’ను ఒక్కసారి తలుచుకుంటే బాగుంటుంది.

ముందు వర్ణక్రమం. పునః + నిర్మాణం = పునర్నిర్మాణం. ‘పునఃనిర్మాణం’ తప్పు. ‘పునఃప్రారంభం’లో విసర్గ నిలిచిందంటే పక్కన పకారం ఉంది కాబట్టి.

ఇక కట్టు. ఇల్లు కడతాం, పాట కడతాం, విరిగిన చేతికి కట్టు కడతాం. నెత్తురు గడ్డకడుతుంది, పుండు పక్కు కడుతుంది. జరిగింది బాగా చెబితే ‘కళ్లకు కట్టినట్టు చెప్పాడు’ అంటాం, జరగనిది చెబితే ‘కట్టుకథ’ అంటాం. నిజానికీ అబద్ధానికీ ఒకే ధాతువు! నాకు ఈ మాట మీద ఇంత ప్రేమ అందుకే.

దీనికి ఎదురుమాట ‘విప్పు’. హనుమకొండలో వేయిస్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడు. అక్కడి కల్యాణమండపం పునాది కుంగితే పురావస్తు శాఖవాళ్లు 2006లో రాళ్లకు అంకెలు వేసి మండపాన్ని విప్పదీశారు. 2024 మార్చిలో మళ్లీ తెరిచారు. కూల్చారని కాదు, విప్పారనే అనాలి. విప్పినదాన్ని కడితే పాతదే నిలబడుతుంది. శ్రీకాళహస్తి సంగతి వేరు. కృష్ణదేవరాయలు 1516లో ఎత్తించిన రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. 2017లో కుంభాభిషేకం జరిగింది కొత్త గోపురానికి. రెంటినీ మనం ‘పునర్నిర్మాణం’ అనే రాసేస్తున్నాం.

వైద్యంలోనూ ఈ తేడా ఉంది. పుత్తూరు కట్టు చూసినవాళ్లకు తెలుసు: ఆకుపసరు, గుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డ. ఆ కట్టు ఎముకను కట్టదు, కదలకుండా పట్టి ఉంచుతుంది, అంతే. లోపల నెత్తురు గడ్డకట్టి, అది మెత్తని అతుకై, తర్వాత గట్టిపడి, ఆపైన నెలల తరబడి ఎముక తనను తానే చెక్కుకుంటుంది. అందుకే ‘ఎముక అతుక్కుంది’ అంటాం, ఆ మాట ఎంత సరైనదో చూడండి. మోకాలి కీలు మధ్యలో ఎముకలను కలిపి పట్టే లిగమెంటు పూర్తిగా తెగితే మాత్రం చాలాసార్లు పాతదాన్ని కుట్టి ఊరుకోరు, తొడ వెనక స్నాయువులోంచి పోగు తీసి దాని స్థానంలో అమరుస్తారు. పునర్నిర్మాణం అనవలసింది దీన్ని. చెంప చర్మంతో ముక్కును తిరిగి చేసే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. అక్కడి మాట ‘సంధానం’. ఇది మనం మళ్లీ వాడుకలోకి తెచ్చుకోవలసిన మాట అని నా గట్టి నమ్మకం.

జ్ఞాపకం దగ్గరికి వస్తే నాకు మా అమ్మే గుర్తొస్తుంది. మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా తాటాకు ఇల్లు పోయింది. అమ్మ చెప్పేటప్పుడు అమ్మమ్మ ఎప్పుడూ గుమ్మంలో లాంతరు పట్టుకుని నిలబడి ఉంటుంది. ‘ఆ రోజు అమ్మ ఊళ్లోనే లేదే, పెద్దక్కయ్య పురిటికని పోయింది గదా, కట్టుకథలు చెప్పకు’ అంటాడు మామయ్య. ‘నాకు కళ్లకు కట్టినట్టుంటే!’ అంటుంది అమ్మ. ఇద్దరి నోటా అదే ‘కట్టు’. కేంబ్రిడ్జిలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే ఈ మాట చెప్పాడు: జ్ఞాపకం పెట్టెలో దాచిన వస్తువు కాదు, తలుచుకున్నప్పుడల్లా మనం తిరిగి కట్టుకునేది. అమ్మ అబద్ధం ఆడటం లేదు. అంకెలు వేసి విప్పి దాచుకోవడానికి ఆ రాత్రి ఆమెకు ఏం మిగిలింది గనక? లాంతరు మాత్రం నిజమే. నీళ్లు తీశాక బురదలో దొరికిందట, గాజుబుడ్డి పోయి, పిడి వంగి. ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

కాబట్టి మిత్రుడికి నా సలహా: గుడికి రాసేటప్పుడు విప్పి కట్టారా, కూలాక కట్టారా చూసి రాయండి. శస్త్రచికిత్సకు పునర్నిర్మాణం గానీ సంధానం గానీ రాయండి. జ్ఞాపకానికి మాత్రం ‘తిరిగి కట్టుకోవడం’ అనే రాయండి.

తెలంగాణ మిత్రులకు ఒక ప్రశ్న. బొక్క విరిగి బాగయ్యాక మీ ఊళ్లో ‘అతికింది’ అంటారా, ‘కూడింది’ అంటారా, మరో మాట ఉందా?