పాత అమెరికన్ కాలేజీ పత్రికల్లో ‘రష్’: అర్థాలు విడదీసేదెలా?

అక్షరవేట (ప్రశ్న):
1870–1930 మధ్య అమెరికా కాలేజీ పత్రికల్లో ‘రష్’ అనే ఒక్క మాట మీద ప్రాజెక్టు పేపరు రాస్తున్నాను. హార్వర్డ్ క్రిమ్సన్, యేల్ డైలీ న్యూస్, కార్నెల్ డైలీ సన్ డిజిటల్ ప్రతులు తీసుకున్నాను. వెతికితే అమెరికన్ ఫుట్‌బాల్, కొట్లాట, ఫ్రెటర్నిటీ (కాలేజీ కుర్రాళ్ళ సంఘం), డాన్సు అన్నీ కలగాపులగంగా వస్తున్నాయి. నెలలవారీగా వడగడితే విడిపోతాయా?

పాతబైండు:
నెలతో పని జరగదండి. సెప్టెంబరు–అక్టోబరులో కాలేజీ తెరవగానే క్లాసుల తోపులాట, ఫుట్‌బాల్, ఫ్రెటర్నిటీల వేట మూడూ ఒకేసారి మొదలవుతాయి. పక్కనున్న మాటలే ఆధారం.

‘క్లాస్ రష్’ అంటే మొదటేడాది వాళ్ళకీ రెండో ఏడాది వాళ్ళకీ జరిగే పెనుగులాట. ‘కేన్ రష్’ అయితే మధ్యలో ఒక చేతికర్ర ఉంటుంది. సమయం ముగిసేసరికి దాని మీద ఏ క్లాసు చేతులు ఎక్కువుంటే వాళ్ళదే గెలుపు, అందుకే వార్తలో చేతుల లెక్క కనబడుతుంది. హార్వర్డ్‌లో ‘బ్లడీ మండే’ తగిలితే అదీ ఈ పద్దులోకే. మనకి రష్ అంటే జనం కాబట్టి ‘రాత్రి రష్ జరిగింది’ అని చదివి గుంపు పద్దులో వేసేస్తాం, జాగ్రత్త.

అసలు తికమక ఫుట్‌బాల్‌లో. 1880ల్లో ‘రషర్’ అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు కాడు, ముందు వరసలో నిలబడే ఏడుగురిలో ఒకడు. ‘రషర్స్’ తర్వాత ఏడు పేర్లు బారుగా ఉంటే అది జట్టు జాబితా. ఆ ముందు వరస పేరు ‘రష్ లైన్’ కాస్తా తర్వాత ఉత్త ‘లైన్’ అయింది. 1906లో బంతిని ముందుకి విసిరే ఫార్వర్డ్ పాస్‌ను అనుమతించాక పాస్‌తో వచ్చిన గజాలు వేరు, పరుగుతో వచ్చినవి వేరుగా చెప్పాల్సి వచ్చింది. ఇప్పటి ‘రషింగ్’ ఆ రెండో రకం. పాత ‘రషర్’ అర్థానికీ ఈ ‘రషింగ్’ అర్థానికీ ఒకే కోడ్ (అర్థానికి పెట్టే గుర్తు) ఇస్తే పేపరు అక్కడే పోయింది.

క్రియగా వస్తే కర్మ చూడండి. బంతి అయితే ఆట. కొత్త కుర్రాడైతే ఫ్రెటర్నిటీ, దగ్గర్లోనే ‘బిడ్’ (చేరమని పిలుపు), ‘ప్లెడ్జ్’ (చేరతానన్న మాట) ఉంటాయి. అమ్మాయి అయితే వెంటపడటం. డాన్సులో ఒకమ్మాయికి ‘రష్’ దొరికిందంటే కుర్రాళ్ళు ఆమె కోసం ఎగబడ్డారని. ‘గ్రౌలర్’ అయితే బకెట్టు పట్టుకుని బీరుకి వెళ్ళడం!

స్కానుపిచ్చి:
అర్థాల కన్నా ముందు స్కాన్ తప్పులు చూసుకోండి. అరిగిన అచ్చులో ‘రష్’ని యంత్రం ‘రాష్’ అని చదువుతుంది, కాబట్టి దాన్నీ విడిగా వెతకాలి. వరస చివర ‘రషింగ్’ విరిగితే మొదటి ముక్క ఉత్త ‘రష్’గా లెక్కకెక్కుతుంది. టూత్ బ్రష్ ప్రకటనలో ‘బ’ విడిపోయినా అంతే. సెర్చ్ పెట్టె రష్, రష్డ్, రషింగ్ అన్నిటినీ ఒకటిగా కలిపేస్తుందేమో ముందే పరీక్షించండి. కోట్ గుర్తుల్లో పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి వెతికితే తేడా తెలిసిపోతుంది. కోడ్ ఇచ్చేది మాత్రం పేజీ బొమ్మ చూశాకే.

మార్జిన్‌నోట్:
పాతబైండు గారు చెప్పినదానికి ఒక చేర్పు. యేల్‌లో ‘రష్’ అంటే తడబడకుండా పాఠం అప్పజెప్పడం అనే అర్థం కూడా ఉండేది. 1851లో వచ్చిన బి.హెచ్. హాల్ కాలేజీ మాటల సంకలనంలో అది నమోదైంది. కానీ మీ పత్రికలు మరీ ఆలస్యం: క్రిమ్సన్ 1873లో (అప్పటి పేరు మాజెంటా), యేల్ డైలీ న్యూస్ 1878లో, సన్ 1880లో మొదలయ్యాయి. దానికోసం 1836 నుంచి వస్తున్న యేల్ లిటరరీ మ్యాగజైన్ చూడాలి.

షికాగోలోని రష్ మెడికల్ కాలేజీ పేరు ముందే తీసేయండి. వాళ్ళకి ఫుట్‌బాల్ జట్టు కూడా ఉండేది, కాబట్టి ‘ఆట దగ్గర్లో రష్’ అనే వడపోత దాన్ని కూడా లోపలికి రానిస్తుంది.

అక్షరవేట:
మరి ఎన్ని తీసుకోవాలి? అన్నీ చదవడం అయ్యే పని కాదు.

మార్జిన్‌నోట్:
పత్రికకి, దశాబ్దానికి 100 చొప్పున యాదృచ్ఛికంగా తీయండి. సెర్చ్ ఫలితాల్లో మొదటి 100 తీస్తే కుదరదు, శీర్షికలో మాట ఉన్నవే పైకొస్తాయి. రోజూ అచ్చయ్యే ఒకే ప్రకటనని ఒక్కసారే లెక్కించండి. తేదీ, పేజీ, వాక్యం, నామమా క్రియా, కర్మ, అర్థం కోడ్ అని నిలువు వరసలు పెట్టుకుని, ‘తేలలేదు’ అనే కోడ్ కూడా ఒకటి ఉంచండి. 50 వాక్యాలు ఇంకొకరి చేత విడిగా కోడ్ చేయించండి. ఇద్దరికీ ఎక్కడ పడటం లేదో చూస్తే సాధారణంగా ఆ రెండు ఫుట్‌బాల్ అర్థాల దగ్గరే ఉంటుంది.