ఉప్పునీటి తొట్టెలోకి చెప్పకుండా చేరే జీవులను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఇంట్లో పగడాలు పెంచే ఉప్పునీటి ఆక్వేరియంలో రాళ్లతోపాటు వచ్చి, కొన్ని వారాల తరువాత బయటపడే పురుగులు, పీతలు, నత్తలు వంటివాటిని కొందరు పరాన్నజీవులని, మరికొందరు చొరబాటుదారులని రాస్తున్నారు. ఈ రెండింటిలో ఏది సరైన మాట? వేరే మాట ఏదైనా ఉన్నదా?

సమాధానం: రెండూ సరిపోవని నా అభిప్రాయం. ఈ జీవులు తొట్టెలోకి ఎలా చేరతాయో చూస్తే కారణం తెలుస్తుంది. ఆక్వేరియం పెంచేవారు లైవ్ రాక్ అనే రాయి నిజానికి చనిపోయిన పగడాల సున్నపు ఎముకగూడు. దాని నిండా ఉండే సన్నని రంధ్రాల్లో సూక్ష్మజీవులు మొదలుకొని పురుగులు, చిన్న పీతలు, రొయ్యల దాకా కాపురం ఉంటాయి. రాయిని కొన్నప్పుడు వాటిని ఎవరూ విడిగా కొనలేదు, పిలవలేదు. అవీ ఎవరి ఇంట్లోకీ చొరబడలేదు, తమ ఇంట్లో తాము ఉండగా ఆ ఇల్లే కదిలివచ్చింది.

పరాన్నజీవి అన్నప్పుడు మరో ప్రాణి శరీరం మీదనో లోపలనో ఉండి, దాని నుంచే ఆహారం తీసుకుంటూ దానికి హాని చేసేదని అర్థం. రాళ్లతో వచ్చేవాటిలో ఎక్కువ భాగం అటువంటివి కావు. నూగువంటి ముళ్లున్న పురుగునే తీసుకోండి. గులాబీ, బూడిద రంగులు కలిసిన ఒంటికి రెండు వైపులా తెల్లని కుచ్చులతో, దీపాలు ఆర్పిన తరువాత రాతి సందులోంచి సగం ఒళ్లు బయటపెట్టి, చేపలు తినగా మిగిలిన మేతను వెతుక్కుంటుంది. తొట్టెలో నత్త చస్తే ముందుగా ఈ పురుగులే మూగుతాయి కాబట్టి, తెల్లవారి చూసిన యజమాని అవే నత్తను చంపాయని అనుకుని వాటిని ఏరి పారేస్తాడు. ఆ తరువాత కుళ్లిన మేత శుభ్రమయ్యే దారి లేక నీరు పాడవుతుంది. పరాన్నజీవి అనే పేరు ముందే తగిలించడం వల్ల వచ్చే నష్టం ఇదే.

అలాగని అన్నీ మంచివే అనడానికీ లేదు. 2009లో ఇంగ్లండులోని న్యూక్వే పట్టణపు బ్లూ రీఫ్ ఆక్వేరియంలో పగడాలు వరుసగా దెబ్బతింటుంటే, సిబ్బంది రాళ్లన్నీ విడదీసి చూశారు. వాటి నడుమ సుమారు 4 అడుగుల పొడవున్న యునిసి జాతి పురుగు దొరికింది. ముళ్ల పురుగుల్లోనే హెర్మోడైస్ అనేది పగడాలను తింటుంది. దాని కుచ్చుల మొదళ్లలో ఎర్రని మొప్పలు కనిపిస్తాయి. కాబట్టి గుర్తుపట్టేదాకా మంచిదనీ చెడ్డదనీ తేల్చని మాట మనకు కావాలి.

‘ఆగంతుక జీవి’ అనవచ్చునా అని ఆలోచించాను. అనుకోకుండా వచ్చినవాడు అన్నంతవరకే ఆ మాటకు అసలు అర్థం గనుక అది ఇక్కడ చక్కగా అమరుతుంది. అయితే ‘గుర్తు తెలియని ఆగంతకుడు’ అని నేర వార్తల్లో చదివి చదివి, ఆ మాట వినగానే మనకు అనుమానం పుడుతున్నది. అందువల్ల ‘వెంటవచ్చిన జీవి’ అనే తేలిక మాటనే నేను ఎంచుకుంటాను. ఓడల అడుగున అంటుకుని వచ్చేవాటికీ అది పనికివస్తుంది. అమెరికా ఉష్ణమండల తీరాలకు చెందిన నల్లచారల ఆల్చిప్ప 1960ల చివరలో మన విశాఖ నౌకాశ్రయంలో కనిపించింది. అదీ ఇలా వెంటవచ్చినదే.

ఇక విడి పేర్ల విషయం. ముళ్ల పురుగును ‘సముద్రపు జెర్రి’ అనడం నాకు నచ్చలేదు, ఎందుకంటే జెర్రి అనగానే మన చేయి చెప్పు కోసం వెతుకుతుంది. దాని ముళ్లు నాగజెముడు పండు మీది నూగులా వేళ్లలో దిగి మండుతాయి గనుక ‘నూగుపురుగు’ అంటే, పట్టుకోకూడదన్న హెచ్చరిక కూడా ఆ పేరులోనే ఉంటుంది.

రాత్రిపూట తొట్టెలోంచి టక్కుమనే చప్పుడు వస్తే రెండు జీవులను అనుమానించాలి. ఒక డెక్క మరోదానికంటే బాగా పెద్దదిగా ఉంటే అది ‘చిటికె రొయ్య’. ఆ పెద్ద డెక్కను అది అతివేగంగా మూసినప్పుడు నీటిలో ఒక బుడగ పుట్టి, కుప్పకూలుతుంది. మనం వినే చప్పుడు ఆ బుడగదే. కాడల మీది కళ్లు ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు తిరుగుతూ, ముందు కాళ్లు గొల్లభామలా మడిచి ఉంటే అది స్టొమాటోపాడ్ అనే రొయ్యలాంటి జీవి. ఇందులో కొన్ని రకాలు నత్త గుల్లలను కొట్టి పగలగొడతాయి. దీనిని ‘గొల్లభామ రొయ్య’ అనడంలో చిక్కు ఏమిటంటే, కొన్ని ప్రాంతాల్లో మిడతను కూడా గొల్లభామ అంటారు. పైగా ఇది అసలు రొయ్యల కుటుంబానికి చెందినది కాదు. అయినా ఎర్రకాంతి టార్చితో తొట్టెలోకి చూసేవారికి గుర్తు పట్టడానికి పనికివచ్చేది ఆ మడిచిన కాళ్లే గనుక నేను ఆ పేరునే సమర్థిస్తాను.

రాళ్లతో వచ్చే ఐప్టేషియా అనే చిన్న సముద్రపు ఎనిమోన్‌కు (పువ్వులా కనిపించే మెత్తని జీవికి) మాత్రం కొత్త పేరు అక్కరలేదు. గోధుమరంగు కాడ, చివర పొడవాటి స్పర్శకాలు, నీడ పడగానే రంధ్రంలోకి ముడుచుకుపోయే తీరు చెబితే చాలు. దానిని ‘కలుపు’ అని రాసినవారు ఉన్నారు, పోలిక బాగానే ఉన్నది. కానీ కలుపు అంటే చదివినవారు పీకడానికి సిద్ధపడతారు. ఐప్టేషియాను చిదిపితే రాతికి అంటుకుని మిగిలిన చిన్న తునక కూడా మరో ఐప్టేషియాగా ఎదగగలదు.

చివరగా, లైవ్ రాక్‌ను ‘సజీవ శిల’ అనకండి. రాయికి ప్రాణం లేదు, ‘జీవులున్న రాయి’ అంటే సరిపోతుంది. గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి, మన సముద్రాల నుంచి వాటిని తీయడం నేరమన్న మాట కూడా ఆ పదానికి ఇచ్చే వివరణలో చేర్చాలని కోరుతున్నాను.