చెయ్యి పైకెత్తితే భుజం అతికించినట్టుంటాంది (బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో స్కల్ప్టింగ్)

అనంతపురం_డిజైన్:
సెమిస్టర్ ప్రాజెక్టుకు గొర్రెల కాపరి బొమ్మ చేస్తాండా. భుజాన గొంగళి, బరువంతా కుడికాలి మీద, ఎడమ చేతిలో కర్ర, కుడి చెయ్యి పైకెత్తి మందను అదిలిస్తున్నట్టు. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, చిన్న పెన్ ట్యాబ్లెట్. మూడు చిక్కులున్నాయి. చెయ్యి దించి ఉంటే భుజం బాగానే ఉంది, ఎత్తితే మాత్రం వేరే బొమ్మది తెచ్చి తగిలించినట్టుంది. ముఖం ముందు నుంచి సరే, పక్కనుంచి చపాతీ. వేళ్ల కోసం రీమెష్ (బొమ్మ పైతలాన్ని సమానమైన గడులుగా మళ్లీ అల్లడం) కొడితే 60 లక్షల పాలిగాన్లు, అంటే ఆ గడులు, దాటి మిషన్ బిగుసుకుపోతాంది. ఇంకోటి, లేపాక్షి స్తంభాల మీది శిల్పాలు చూసి కండరాలు నేర్చుకోవచ్చా అన్నా?

వోక్సెల్_రెడ్డి:
మూడోది ముందు తేల్చేద్దాం. రీమెష్ బొమ్మను చిన్న చిన్న ఘనాలుగా విడగొట్టి చూస్తుంది, ఆ ఘనమే వోక్సెల్. దాని సైజు సగం చేస్తే పాలిగాన్లు నాలుగింతలవుతాయి, చిక్కంతా అక్కడే. బొమ్మను నిజమైన కొలతలో, 1.7 మీటర్ల ఎత్తున పెట్టి, కంట్రోల్+ఏ తో స్కేల్ అప్లై చెయ్. అది చెయ్యకపోతే నువ్వు కొట్టే వోక్సెల్ అంకెకు అర్థమే ఉండదు. మొదట 3 సెం.మీ. వోక్సెల్ పెడితే ఒళ్లంతా కలిపి రెండు వేల పాలిగాన్లే వస్తాయి. పక్కటెముకల గూడు, కటి, తల సరిగ్గా కుదిరేదాకా అక్కడే ఉండు. తర్వాత 1 సెం.మీ., అంటే సుమారు 18 వేలు. 2 మి.మీ.కు దిగితే నాలుగున్నర లక్షలు, దీనికి 8 జీబీ చాలు.

చేతులు మాత్రం వేరే ఆబ్జెక్టుగా చేసుకో. ఒక్క అరచెయ్యికి 1 మి.మీ. పెట్టినా నలభై వేల దగ్గరే ఆగుతుంది. వేళ్లు ఎడంగా పరిచి చెక్కు. సందు వోక్సెల్ కంటే చిన్నదైతే రీమెష్ కొట్టగానే వేళ్లు అతుక్కుపోతాయి. పెదవుల మధ్యా ఇదే తంటా. ముడతలు, గొంగళి నేత లాంటివి మల్టీరెస్‌లో (లెవెల్ పెరిగేకొద్దీ ఒక్కో గడిని నాలుగు చేసే మాడిఫయర్) చెయ్. 20 వేల బేస్ మూడో లెవెల్లో 12.8 లక్షలవుతుంది, అంతకు మించి పోవద్దు. మల్టీరెస్ పెట్టినాక వోక్సెల్ రీమెష్ కుదరదు కాబట్టి పోజు, ఆకారం ముందే ఖాయం చేసుకోవాల.

ఎముకలగూడు:
భుజం సంగతికొస్తే, నువ్వు చెయ్యిని మాత్రమే తిప్పినావు, కాలర్ బోన్‌ను అక్కడే వదిలేసినావు. చెయ్యి నిలువునా 180 డిగ్రీలు లేచిందంటే అందులో సుమారు 120 భుజం కీలుది, మిగతా 60 వీపు పైభాగంలో ఉండే రెక్క ఎముక తిరగడం వల్ల వచ్చేది. రెక్క ఎముక కదిలితే దానికి కట్టేసినట్టుండే కాలర్ బోన్ బయటి కొస కూడా పైకి లేస్తుంది. అద్దం ముందు నిలబడి ఎడమ చేత్తో కుడి కాలర్ బోన్ పట్టుకుని కుడి చెయ్యి ఎత్తి చూడు, వేళ్ల కిందే తెలుస్తుంది.

కాబట్టి ముందు కాలర్ బోన్‌ను పైకీ కొంచెం వెనక్కీ జరుపు. ఆ తర్వాత రెక్క ఎముక కింది మూలను చంక వైపు బయటికి తిప్పు. చెయ్యి చివర్న. డెల్టాయిడ్, అంటే భుజాన్ని కప్పే కండ, భుజం మీద బోర్లించిన గిన్నె కాదప్పా! మూడు పాయలుగా మొదలై దండచెయ్యి ఎముక బయటి పక్కన సగం దాకా దిగి ముగుస్తుంది. చెయ్యెత్తినప్పుడు ఆ పాయలు ముడుచుకుని గుట్టగా చేరతాయి, వాటికీ మెడకూ మధ్య సందు తగ్గుతుంది. చంకకు ముందు గోడ ఛాతీ కండ, వెనక గోడ వీపు నుంచి వచ్చే లాట్ అనే వెడల్పాటి కండ. ఈ రెండు గోడలు, వాటి మధ్య గుంట లేకపోతే ఎంత చెక్కినా అతికించినట్టే ఉంటుంది.

పోజును బరువే నడిపిస్తుందని మర్చిపోవద్దు. బరువు మోసే కుడి కాలి వైపు తుంటి లేస్తుంది. మామూలుగా అదే వైపు భుజం దిగాల, కానీ నీ బొమ్మలో కుడి చెయ్యి పైకుంది, అందుకని ఆ దిగడం కొంచెమే చూపించు. ఎడమ చెయ్యి కర్ర మీద బలంగా ఆనితే ఆ భుజం చెవి వైపు నెట్టుకుపోతుంది. ఈ ఒక్కటి పట్టుకుంటే కాపరి నిజంగా నిలబడినట్టుంటాడు.

అనంతపురం_డిజైన్:
కాలర్ బోన్ అస్సలు కదపలేదు నేను. ముఖం?

ఎముకలగూడు:
ముందునుంచే చెక్కితే అంతే. వ్యూపోర్ట్ (బొమ్మ కనిపించే కిటికీ) ఫోకల్ లెంగ్త్ మొదట 50 మి.మీ. ఉంటుంది, 85 చేసుకో. తలను నడినెత్తి నుంచీ గడ్డం కిందనుంచీ తిప్పి చూడు. పళ్ల వరస వంపు తిరిగి ఉంటుంది, పెదవులూ ఆ వంపు మీదే కూర్చోవాల. కంటి బయటి మూల లోపలి మూల కంటే వెనక్కుంటుంది. కనుగుడ్డును 2.4 సెం.మీ. గోళంగా వేరే పెట్టి, రెప్పలను దాని మీద కప్పు. చెవి పక్కనుంచి చూస్తే తల నడిమికి వెనకే.

తాళమానం:
లేపాక్షిలో కండరాలు వెతకొద్దు. మన శిల్పులు కండలను కావాలనే చూపించరు, ఒళ్లంతా ఊపిరి నిండినట్టు నున్నగా తీస్తారు. అక్కడ చూడాల్సింది నిలబడే తీరు, నడుము విరుపు, కొలత. శిల్పశాస్త్రంలో తాళం అంటే ముఖం పొడవు, 12 అంగుళాలు. ఈ అంగుళం ఇంచీ కాదు, ఆ బొమ్మ కొలతకే చెందినది. నవతాళమంటే బొమ్మ ఎత్తు తొమ్మిది తాళాలు, 108 అంగుళాలు. మణికట్టు నుంచి నడివేలి కొస దాకా కూడా ఒక తాళమే. నీ కాపరి అరచెయ్యిని ముఖం మీద పెట్టి చూడు, గడ్డం నుంచి నుదుటి వెంట్రుకల దాకా రాకపోతే చేతులు చిన్నవి చేసినావన్నట్టు. కొత్తగా చెక్కేవాళ్లంతా చిన్నవే చేస్తారు.